కెప్టెన్ ఇచ్చేసిన కప్పు

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరే అందరికీ గుర్తుంటుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు ఎంతమందికి తెలుసు? ఈరోజు అలాంటి ఒక డిఫెండర్ గురించి చెప్పుకుందాం: కార్లెస్ పుయోల్.

1978లో స్పెయిన్‌లోని కాటలోనియాలో, ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. 1995లో బార్సిలోనా అకాడమీలో చేరాడు. 1999లో మెయిన్ టీమ్‌లోకి వచ్చాడు, 2004లో కెప్టెన్ అయ్యాడు. 2014లో రిటైరయ్యేదాకా వేరే క్లబ్ జెర్సీ వేసుకోనేలేదు.

స్పెయిన్ తరఫున 100 మ్యాచ్‌లు ఆడి కొట్టింది 3 గోల్సే. అయితే అందులో ఒకటి 2010 వరల్డ్ కప్ సెమీస్‌లో, జర్మనీ మీద. షావి కార్నర్ కొట్టాడు, వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన పుయోల్ గాల్లోకి లేచి తలతో ఒక్కటిచ్చాడు. 1-0! స్పెయిన్ మొదటిసారి ఫైనల్‌కి వెళ్లింది, కప్పు కూడా గెలిచింది.

2011లో బార్సిలోనా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. కప్పు ఎత్తాల్సింది కెప్టెన్ పుయోలే. కానీ తన ఆర్మ్‌బ్యాండ్ తీసి ఎరిక్ అబిడాల్‌కి ఇచ్చి, ముందు నువ్వే ఎత్తమన్నాడు. ఎందుకంటే అబిడాల్‌కి లివర్‌లో ట్యూమర్ తీసి అప్పటికి రెండు నెలలు దాటిందంతే. అయినా ఆ ఫైనల్ మొత్తం ఆడాడు.

పుయోల్ గెలిచిన కప్పులు చాలానే ఉన్నాయి. జనం ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం ఆయన ఇచ్చేసిన ఈ ఒక్క కప్పు గురించే.