తొక్కుడుకూ పరుగుకూ నడుమ గొలుసు



మొన్న మా మనుమడు తన గేర్ల సైకిలు గురించి ఏదో చదువుతూ, "తాతయ్యా! 68 అంగుళాల గేరు అంటే ఏమిటి? చక్రమే అంత లేదు కదా!" అని అడిగాడు. తెలుగు పండితుణ్ణి, నాకు ధాతువులు తెలుసుగాని గేర్లు తెలియవు. అయినా పుస్తకాలు తిరగేశాను. దొరికిన కథ చెబుతాను.

1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు. నేలను కాళ్లతో తన్నుకుంటూ పోవలసిందే. 1860లలో పారిస్‌లో ముందుచక్రపు ఇరుసుకే పెడళ్లు తగిలించారు. అక్కడే చిక్కు వచ్చింది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రాన్ని పెంచడమొక్కటే దారి. 54 అంగుళాల చక్రమైతే ఒక్కో తొక్కుకు సుమారు 14 అడుగులు సాగుతుంది. అంతకు మించాలంటే కాలు అందాలి! కాలి పొడవును బట్టి బండిని కొనుక్కునే విచిత్రకాలమది. రౌతు ఇంచుమించు ఇరుసు మీదనే కూర్చునేవాడు. దారిలో రాయి తగిలితే తలకిందులుగా పడేవాడు.

ఈ బంధాన్ని తెంచాలని 1879లోనే హ్యారీ లాసన్ అనే ఆంగ్లేయుడు పెడళ్లను చక్రాల నడుమకు తెచ్చి, గొలుసుతో వెనుకచక్రాన్ని తిప్పాడు. జనం దాన్ని 'మొసలి' అని ఎగతాళి చేశారు. అది అమ్ముడుపోలేదు. 1884లో 'కంగారూ' వచ్చింది. దానిలో చిన్న ముందుచక్రానికి అటొకటి ఇటొకటి రెండు గొలుసులు ఉండేవి. ఒకటి వదులైతే తొక్కుడులో కుదుపు మొదలయ్యేది. అయినా ఆ ఏడాది జార్జ్ స్మిత్ దాని మీద నూరు మైళ్లను 7 గంటల 11 నిమిషాలలో పూర్తిచేశాడు. మరుసటి ఏడాది అతడే జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్' ఎక్కి 7 గంటల 5 నిమిషాలలో ముగించాడు. రోవర్‌కు గొలుసు ఒక్కటే, అదీ వెనుకచక్రానికే. పెద్దచక్రపు బండికి పేరు తెచ్చిన జేమ్స్ స్టార్లీకి ఈయన స్వయానా అన్నదమ్ముల బిడ్డ. పెదనాన్నో చిన్నాన్నో నిలబెట్టినదాన్ని కొడుకు వరసవాడే పడగొట్టాడన్నమాట!

కీర్తి రోవర్‌కే దక్కింది. లాసన్‌ను తలిచేవారు తక్కువ. నాకది న్యాయంగా తోచదు. అంతకన్నా మరుగున పడినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడిన ఈయన 1880లో గొలుసునే చక్కదిద్దాడు. పాత గొలుసులలో మేకులు పలుచని రేకుల అంచుల మీద రాసుకొని త్వరగా అరిగిపోయేవి. ఈయన నడుమ చిన్న గొట్టాన్ని తొడిగి, ఆ ఒరిపిడిని దాని పొడవునా పంచాడు. ఆ తరువాత కూడా కొంతకాలం సైకిళ్లలో వేరే రకం గొలుసులు నడిచాయి. కాని నేటి సైకిలు గొలుసులన్నీ రెనాల్డ్ గొలుసు సంతతివే. బడికి వెళ్లే దారిలో చైను ఊడి, తెల్లపంచెకు నల్లని జిడ్డు అంటించుకొన్న రోజులలో ఆ మహానుభావుడి పేరు నాకు తెలియదు. తెలిసి ఉంటే కాస్త తక్కువ విసుక్కునేవాణ్ణేమో!

ఇక మనుమడి ప్రశ్న. గొలుసు సైకిళ్లు వచ్చినప్పుడు పెద్దచక్రాల మీద అలవాటు పడినవారు "ఇది ఎన్ని అంగుళాల చక్రంతో సమానం?" అనే అడిగేవారు. ఆ లెక్కే నిలిచిపోయింది. వాకిట్లోని నా పాత సైకిలుకు పళ్లు లెక్కపెట్టాము. ముందు 44, వెనుక 18, చక్రం 28 అంగుళాలు. 44ను 18తో భాగించి 28తో గుణిస్తే సుమారు 68.

"అంటే నువ్వు ఇన్నాళ్లూ 68 అంగుళాల చక్రం తొక్కావా తాతయ్యా?" అన్నాడు వాడు, నా కాళ్ల వంక చూస్తూ.