హ్యూస్టన్: ఆకాశహర్మ్యాలు, వాహన నమోదు

టెక్సాస్‌లో అతి పెద్ద నగరం హ్యూస్టన్. నగరం నడిబొడ్డున 75 అంతస్తుల జేపీమోర్గాన్ చేజ్ టవర్ 1982లో పూర్తయింది. ఎత్తు 1,002 అడుగులు. రూపశిల్పి ఐ. ఎం. పెయ్. 1983 నాటి వెల్స్ ఫార్గో ప్లాజాకు 71 అంతస్తులు. ఎండావానల బాధ లేకుండా ఇలాంటి కార్యాలయాల మధ్య నడిచేందుకు వీధుల కింద సొరంగ మార్గాలున్నాయి.

అయితే ఊరు విశాలం. కారు లేనిదే చాలామందికి పని జరగదు. వేరే రాష్ట్రం నుండి కారుతో వచ్చి స్థిరపడేవారు 30 రోజుల్లో దాన్ని టెక్సాస్‌లో నమోదు చేయించుకోవాలి. ముందుగా బీమా తీసుకోవాలి. హ్యారిస్ కౌంటీలో 2 నుండి 24 ఏళ్ల లోపు పెట్రోలు కార్లకు పొగ పరీక్ష తప్పనిసరి. సొంత కార్లకు భద్రతా తనిఖీ మాత్రం 2025 జనవరి 1 నుండి రద్దయింది. తరువాత యాజమాన్య పత్రం, గుర్తింపు కార్డుతో కౌంటీ పన్నుల కార్యాలయానికి వెళ్లాలి. అక్కడిచ్చే స్టిక్కరును ముందు అద్దానికి లోపలివైపు అంటించాలి. నంబరు పలకలు ముందూ వెనకా ఉండాలి.

గడువు దాటితే జరిమానా పడవచ్చు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు మొదటి వారంలోనే ఈ సంగతి చెప్పడం నిజమైన సహాయం.