మన్రో దొరకు కనిపించిన స్వామి

కిందటి ఎపిసోడ్‌లో దేవరగట్టు బన్ని ఉత్సవం గురించి చెప్పుకున్నాం కదా. ఆ రికార్డింగ్ కోసం వెళ్ళి, మాళ మల్లేశ్వరస్వామి కొండ దిగుతుంటే ఒక పెద్దాయన నన్ను ఆపాడు. "సార్, మీరు హిస్టరీ చెప్తారంట. మన్రో దొరకు రాగేంద్రసామి కనపడినాడంట కదా, అది పుస్తకాల్లో ఉందా, మనోళ్ళు చెప్పుకునేదేనా?" అన్నాడు. "ఉంది" అనేశాను. ఇంటికొచ్చాక ఆ ఒక్క మాట సరిపోదనిపించింది. అందుకే ఈ ఎపిసోడ్.

దేవరగట్టు నుంచి ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా పోతే తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. పాత పేరు మంచాల. రాఘవేంద్రస్వామి 1671లో అక్కడే బృందావన ప్రవేశం చేశారు. ఆ ఊరు మఠానికి ఇనాం. 1800లో నిజాం తన దగ్గరున్న కుంపెణీ సైన్యం ఖర్చు కింద ఈ సీమనంతా ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు.

మంచాల ఇనాం రద్దు చేద్దామని ప్రతిపాదన వచ్చిందట. విచారణకు మన్రో స్వయంగా వెళ్ళాడట. బూట్లు విప్పి, టోపీ తీసి బృందావనం దగ్గరకు పోతే, నూట ముప్పై ఏళ్ళ కిందట అందులో ప్రవేశించిన స్వామి బయటికొచ్చి ఆయనతో ఇనాం సంగతి మాట్లాడారట. పక్కనున్నవాళ్ళకు మనిషీ కనపడలేదు, మాటా వినపడలేదు. డేరాకు తిరిగొచ్చి మన్రో ఆ ప్రతిపాదన కొట్టేశాడు. మఠం వాళ్ళిచ్చిన అక్షింతల్ని ఆ పూట తన వంటలో వెయ్యమన్నాడు.

ఈ చివరి ముక్క నాకు భలే ఇష్టం. మనమైతే నెత్తిన వేసుకుంటాం. దొర అన్నంలో కలిపించుకున్నాడు. ఇది రుజువని అనను గానీ, ఊరికే కల్పించేవాడికి తట్టే వివరం మాత్రం కాదు.

ఇక పుస్తకం సంగతి. మన్రో తన చేత్తో రాసిపెట్టాడని చాలామంది చెప్తుంటారు. కాదండీ. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1904లో తెచ్చిన బళ్ళారి జిల్లా గెజిటీర్‌లో ఉంది. అంటే వందేళ్ళ తర్వాత, అదీ జనం ఇలా చెప్పుకుంటారు అనే. బళ్ళారి ఎందుకంటే, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు ఆ జిల్లావే. మన్రోను 'బళ్ళారి కలెక్టర్' అనడమూ పొరపాటే. ఆయన వెళ్ళిపోయాక 1808లో గానీ బళ్ళారి జిల్లా ఏర్పడలేదు. అంతకుముందు దత్తమండలాలన్నీ ఆయన చేతికిందే.

మరి స్వామి ఆయనకే ఎందుకు కనిపించాడు? జనం లెక్కలో మన్రో కూడా సగం దేవుడే కాబట్టి. డేరాలేసుకుని ఊరూరా తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. తిరుమలలో మన్రో గంగాళం ఉంది. పాపాఘ్ని గండిలో బంగారు తోరణం కనపడింది కూడా ఆయనకేనట.

అయితే పెద్దాయనకు నేను చెప్పని సంగతి ఒకటుంది. ఇదే సీమలో తెర్నేకల్లు అని ఊరు. 1801లో ఆ ఊరి రైతులు శిస్తు కట్టబోమని తిరగబడ్డారు. కుంపెణీ సైన్యం కోటను ముట్టడించింది, ముత్తుకూరు గౌడప్పను ఉరి తీశారు. అప్పుడూ ఇక్కడి కలెక్టరు మన్రోనే. ఆయనున్న ఏడేళ్ళలో శిస్తు రాబడి దాదాపు సగం పెరిగింది. వెళ్ళేముందు, రేట్లు నాలుగో వంతు తగ్గించాలని తనే రాశాడు. అంటే బరువెంతో ఆయనకూ తెలుసు. మఠం ఇనాం విషయంలో మాటతో సరిపోయింది, తెర్నేకల్లుకు సైన్యం వచ్చింది. మంచాల కథ ఇంటింటా తెలుసు, గౌడప్ప పేరు చెప్తే పక్క తాలూకాలో కూడా "ఎవరు?" అంటారు. ఇది నాకు మింగుడుపడదు.

మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశం వెళ్ళిపోయేముందు ఈ సీమను ఇంకోసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసుకు తీసుకెళ్ళారు.

అన్నట్టు, ఆ పెద్దాయన ఇంకోటి కూడా అడిగాడు: "ఇద్దరూ ఏ బాసలో మాట్లాడుకున్నారంట సార్?" గెజిటీర్‌లో అది లేదు.

వచ్చే ఎపిసోడ్ తెర్నేకల్లు నుంచే.