సాగర తీరాన సర్వర్ల గిడ్డంగి

విశాఖపట్నం: సముద్రగర్భ కేబులు ఒడ్డుకు చేరే చోటనే సమాచార నిల్వ కేంద్రం ఉండాలన్న యోచనకు విశాఖలో పునాది పడింది. సిఫీ సంస్థ రూ.1,500 కోట్లతో తలపెట్టిన 50 మెగావాట్ల డేటా సెంటరుకు, కేబుల్ ల్యాండింగ్ స్టేషనుకు ఐటీ మంత్రి నారా లోకేశ్ 2025 అక్టోబరు 12న శంకుస్థాపన చేశారు. మరి రెండు రోజులకే, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఇక్కడ వెచ్చించనున్నట్లు గూగుల్ ప్రకటించింది. అంకె ఒకటే అయినా రూపాయికీ డాలరుకూ గల తేడా తెలిసిందే. వ్యాపార రీతిలోనూ భేదం ఉంది. గూగుల్ ప్రధానంగా తన సేవల కోసం నిర్మించుకుంటుంది. సిఫీ వంటి సంస్థలు ఇతరులకు చోటును అద్దెకిస్తాయి. దీనినే కొలొకేషన్ అంటారు.

గుంటూరు రైతు శీతల గిడ్డంగిలో మిరప బస్తాలు దాచుకోవడం వంటిదే ఇది. బస్తా రైతుది, చల్లదనం, కాపలా యజమానివి. ఇక్కడ సర్వరు ఏ బ్యాంకుదో, ఆసుపత్రిదో అవుతుంది. విద్యుత్తు, ఏసీ, అగ్నిమాపక ఏర్పాట్లు, కేబుళ్లు కేంద్రం చూసుకుంటుంది. అద్దెను ర్యాకుల చొప్పున, వాడే కిలోవాట్ల చొప్పున లెక్కిస్తారు. కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు అందుకునే దాకా బ్యాటరీలు భారం మోస్తాయి. మూడో శ్రేణి కేంద్రాలకు సాధారణంగా చెప్పే లభ్యత 99.982 శాతం. అంటే ఏడాదిలో అంతరాయం సుమారు 95 నిమిషాలకు మించరాదు.

అసలు చిక్కు తీగలతోనే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. 800 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి వెళ్లి రావడానికి 8 మిల్లీసెకన్లు చాలు. అయితే దారి తెగితే ఈ వేగమంతా వృథా. 2008 జనవరిలో ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా వద్ద కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ ఇంటర్నెట్ మందగించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దనే తీరం దాటింది. స్తంభాలు కూలి విద్యుత్తు, ఫోన్లు స్తంభించిన రోజులను నగరవాసులు మరువలేదు. ఆ తర్వాత వచ్చిన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు సైతం అధికభాగం విద్యుత్ స్తంభాల మీదుగానే సాగాయి.

కనుక కేంద్రానికి భూగర్భ మార్గాలు కనీసం రెండు, అవీ వేర్వేరు దిక్కుల నుంచి రావాలి. బిల్లులో రెండు కంపెనీల పేర్లు చూసి మురిసిపోరాదు. రెంటి తీగలూ ఒకే కందకంలో ఉంటే ఒక్క పొక్లెయిన్ దెబ్బకు రెండూ తెగుతాయి. చోటు అద్దెకు తీసుకొనేవారు ముందుగా అడగవలసింది ధర కాదు, తీగల మార్గపటం.

నిర్మాణం ముగిశాక ఇటువంటి కేంద్రాలలో నేరుగా పనిచేసేవారు స్వల్పం. ఉపాధి ఆశించే యువత ఈ సంగతి గమనించాలి. నీటి వాడకం శీతలీకరణ పద్ధతిని బట్టి ఉంటుంది. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతి ఎంచుకుంటే ఏలేరు, రైవాడ జలాలపై ఆధారపడిన నగరంలో వేసవి కేటాయింపులు ముందే తేలవలసి ఉంటుంది.