పాలమూరు ప్రాంతంలో పాత సరుకు వాహనాల మరమ్మతు: చరిత్ర, పరిభాష
(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పరిశీలన)

వ్యాససంగ్రహం

మోటారు వాహనాల చరిత్రను సాధారణంగా కర్మాగారాల చరిత్రగా రాస్తారు. వాహనం కర్మాగారంలో గడిపేది కొద్ది రోజులు. మరమ్మతు షెడ్ల మీద ఆధారపడి బతికేది దశాబ్దాలు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో జీపులు, పికప్‌లు, చిన్న లారీలు ఎలా చేరాయో, వాటి తయారీ ఆగిపోయిన తరువాత కూడా ఎలా నడిచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మరమ్మతు పరిభాషలో ఈ చరిత్ర నిలిచి ఉందనీ, ఆ పరిభాషను సేకరించవలసిన సమయం ఇదేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాలమూరు, మరమ్మతు, డీసీఎం, ఆల్విన్ నిస్సాన్, కమాను, వృత్తిపదాలు, ఉస్తాద్.

1. ఉపోద్ఘాతం

వనపర్తి, గద్వాల సంస్థానాల సాహిత్యపోషణ గురించి తెలుగులో విస్తృతమైన పరిశోధన జరిగింది. ఆ పట్టణాల్లోనే బస్టాండు వెనుకా, మార్కెట్ యార్డు పక్కనా ఉండే మరమ్మతు షెడ్లు మాత్రం పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. వేరుశనగ, పత్తి, గొర్రెలు, ఇటుకలు, పెళ్ళిబృందాలు, వలస కూలీల మూటలు మోసిన వాహనాలను దశాబ్దాల పాటు నిలబెట్టినవి ఆ షెడ్లే.

ఒక పాత వాహనపు నంబరుపలక కూడా చారిత్రక ఆధారమే. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ తరువాతి సంఖ్యాపద్ధతిలో మహబూబ్‌నగర్ జిల్లా వాహనాలకు 'ఏపీ 22' గుర్తు దక్కింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అది 'టీఎస్ 06' అయింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 వచ్చాయి. 2024లో 'టీఎస్' స్థానంలో 'టీజీ' వచ్చింది. పాలనావిభాగాలు ఇన్నిసార్లు మారినా 'ఏపీ 22' పలకతోనే తిరిగిన బండ్లు ఉన్నాయి. ఒక వాహనం ఇంతకాలం ఎలా మన్నింది అన్న ప్రశ్నకు సమాధానం కర్మాగారంలో దొరకదు. మరమ్మతులోనే వెతకాలి.

2. దారులు – దూరాలు

ఈ మూడు పట్టణాలకూ రవాణా సౌకర్యం ఒకే తీరుగా లేదు. గద్వాలకు రైలు ఉంది. వనపర్తి పేరుతో ఉన్న 'వనపర్తి రోడ్' స్టేషన్ పట్టణానికి దూరంగా మదనాపురంలో ఉంది. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే జాతీయ రహదారి (పూర్వం 7, ఇప్పుడు 44) కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి కూడలి మీదుగా సాగిపోతుంది. వనపర్తికైనా గద్వాలకైనా అక్కడ దిగి పక్కదారి పట్టాలి. ఆ పక్కదారులే చిన్న వాహనానికి అవసరాన్ని కల్పించాయి. పెద్ద లారీ పొలం గట్టు దాకా రాదు. ఎడ్లబండి పెబ్బేరు సంతకు పోయి అదే పూట తిరిగి రాలేదు. ఈ రెంటి నడుమ ఖాళీని నింపినవి జీపు, పికప్, చిన్న లారీ.

నిజాం రాజ్యంలో ప్రభుత్వ రైలు, రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో సేవలు ప్రారంభించింది. మోటారు వాహనాన్ని క్రమపద్ధతిలో నిర్వహించే వ్యవస్థ ఈ నేలమీద అలా మొదలైంది. గ్రామాలకు వాహనం చేరిన కథ మాత్రం ఎక్కువగా జీపుతో ముడిపడింది. మహీంద్రా కంపెనీ 1940ల చివరలో విల్లీస్ జీపుల కూర్పు చేపట్టింది. 1959 అక్టోబరు 11న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను నెహ్రూ ప్రారంభించారు. ఆ తరువాత 'సమితి జీపు' పల్లెల్లో ప్రభుత్వానికి మారుపేరుగా మారింది.

ప్రభుత్వ వాహనానికి రెండో జీవితం ఉండేది. కాలం చెల్లిందని శాఖ తేల్చిన వాహనాన్ని వేలం వేసేవారు. వేలంలో కొన్న జీపుకు ఇంజను పని చేయించి, వెనుక బల్లలు బిగిస్తే అది మనుషుల్ని మోసే షేరు జీపు. వెనుక భాగాన్ని తొట్టిగా మారిస్తే సరుకు బండి. కర్మాగారం పికప్‌గా తయారు చేయని వాహనాన్ని షెడ్డు పికప్‌గా మార్చింది. మహీంద్రా జీపుల డీజిల్ ఇంజన్లలో కొన్ని ట్రాక్టరు ఇంజన్ల వంశానికి చెందినవి కావడం దీనికి కలిసివచ్చింది. ట్రాక్టరు విప్పిన చేతికి జీపు ఇంజను పూర్తిగా కొత్త కాదు.

3. జపాను బండ్లు – మిగిలిన పేరు

1980లలో జపాను కంపెనీల భాగస్వామ్యంతో తేలికపాటి సరుకు వాహనాల తయారీ దేశంలో నాలుగుచోట్ల మొదలైంది. పంజాబ్‌లో స్వరాజ్ మాజ్దా, ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, మన అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. ఈ చివరిది 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థకు చెందిన ప్రయత్నం. నిస్సాన్ కాబ్‌స్టార్ నమూనా ఆధారంగా తెలుగు నేలమీద తయారైన చిన్న లారీ అది. ఆ దశాబ్దం ముగిసేలోగా ఆ కర్మాగారం మహీంద్రా చేతుల్లోకి వెళ్ళింది. క్రమంగా నిస్సాన్ నమూనా కనుమరుగైంది. 1986లో వచ్చిన టాటా 407, 1988లో వచ్చిన టాటామొబైల్ 206 పికప్ దేశీయ పోటీదారులుగా నిలిచాయి. డీసీఎం టొయోటా 1990ల మధ్యలో దేవూ చేతికి మారింది.

ఇక్కడ భాషాచరిత్ర ఆసక్తికరమైన మలుపు తిరిగింది. కంపెనీ పోయింది, పేరు మిగిలింది. తెలంగాణలో నేటికీ మధ్యస్థ పరిమాణపు సరుకు వాహనం ఏదైనా 'డీసీఎం'. ఐషర్ బండి బోల్తా పడినా పత్రికలో 'డీసీఎం బోల్తా' అనే వస్తుంది. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్, 1889లో పుట్టిన బట్టల మిల్లు. విత్తనపత్తికి పేరుపొందిన గద్వాల ప్రాంతంలో పత్తి మోసే బండిని ఒక బట్టల మిల్లు పేరుతో పిలుస్తున్నారు, ఆ సంబంధం పిలిచేవారి ఎరుకలో లేకపోయినా. వ్యక్తివాచకం జాతివాచకంగా మారడాన్ని అర్థవిపరిణామ పాఠాల్లో బోధిస్తాం. అందుకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

పేరు నిలవడం సులువు. యంత్రం నిలవడం కష్టం. తయారీ ఆగిన నమూనాకు కంపెనీ విడిభాగాలు కొన్నేళ్ళకే అరుదవుతాయి. ఆ తరువాత బండి యజమాని ఎదుట మిగిలే ప్రశ్న ఒక్కటే: సామాను ఎక్కడ దొరుకుతుంది?

4. సామాను దొరికే మూడు దారులు

పుస్తకభాషలో 'విడిభాగాలు'. బజారులో 'సామాను'. పాత బండికి సామాను మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది కొత్త సామాను. ఇందులో 'కంపెనీ మాల్', 'లోకల్ మాల్' అని రెండు తరగతులు. సరిహద్దులో ఉన్న గద్వాలకు కర్నూలు, రాయచూరు దగ్గరి బజార్లు. నాగర్‌కర్నూల్, వనపర్తి మహబూబ్‌నగర్ వైపు, హైదరాబాదు వైపు చూస్తాయి. అరుదైన భాగానికి సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా, ఒక్కోసారి విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్ళాలి. పాత భాగాన్ని సంచిలో వేసుకుని వెళ్ళడం ఇందులో ముఖ్యమైన పద్ధతి. నంబరు చెరిగిపోయిన భాగానికి అదే చిరునామా.

రెండోది విప్పిన బండి సామాను. ప్రమాదంలో దెబ్బతిన్న వాహనంలోని గేరుబాక్సో, క్రౌన్ పినియనో, స్టీరింగు పెట్టెనో మరో వాహనంలో బతుకుతుంది. ఇక్కడ మెకానిక్ జ్ఞానం పోలికల జ్ఞానం. ఏ నమూనా బేరింగు ఏ నమూనాలో కూర్చుంటుంది, దేనికి ఎంత పొర వేస్తే సరిపోతుంది అన్న సమాచారం ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు.

మూడోది తయారుచేసుకునే సామాను. ఇది లేతు మిషను, కొలిమి, వెల్డింగు కలిసే చోటు. సిలిండరు అరిగితే బోరింగు చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. ఇక బోరు చేయడానికి దళసరి మిగలకపోతే స్లీవు దించుతారు. క్రాంకు షాఫ్టు అరిగితే సానపట్టి తగ్గు కొలత బేరింగులు వాడతారు. ఆ కొలతలు అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై. కాబట్టి ఇంజను విప్పిన వ్యక్తి బేరింగు కొలత చూసి, అది అంతకుముందు ఎన్నిసార్లు సానకు వెళ్ళిందో అంచనా వేయగలడు. పొరలు పొరలుగా దిద్దిన తాళపత్రాన్ని పరిష్కర్త చదివే తీరుకు ఇది చాలా దగ్గర.

కమాను పట్టీల పని పాత కొలిమికి కొత్త బతుకునిచ్చింది. మోతాదు మించిన బరువుతో వంపు పోయిన పట్టీలను కాల్చి, సుత్తెతో తిరిగి వంచి, నూనెలో ముంచి పదును పెడతారు. వేరుశనగ, పత్తి మోతకు అదనపు పట్టీ వేయించడం కూడా వాడుకే. నాగలి కర్రు సాగగొట్టే వృత్తికీ లారీ కమానుకూ మధ్య దూరం ఎక్కువ లేదు.

5. షెడ్డు భాష

మరమ్మతు షెడ్లలో వినిపించే మాటలను వర్గీకరిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. భాగాల పేర్లు ప్రధానంగా ఇంగ్లీషు: క్లచ్ ప్లేటు, నాజిల్, రింగులు, లైనర్లు, బుష్షులు. పనిముట్ల పేర్లలోనూ పనివాళ్ళ హోదాల్లోనూ ఉర్దూ బలంగా ఉంది: పానా, పక్కడ్, ఉస్తాద్. 'కమాను' పారశీకంలో విల్లు. 'మరమ్మతు' సైతం ఆ దారినే వచ్చిన మాట. 'మేస్త్రీ' పోర్చుగీసు మూలం కలది. పాలమూరులో అదే మాట వలస కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీకి కూడా చెల్లుతుంది.

జబ్బు చెప్పేటప్పుడు మాత్రం క్రియలన్నీ తెలుగువే. ఇంజను ఆయిలు 'తాగుతుంది', పొగ 'కక్కుతుంది', క్లచ్ 'జారుతుంది', బ్రేకు 'పట్టదు', ఇంజను 'బోరుకొస్తుంది'. పనికి కూడా అంతే: ఇంజను 'దించుతారు', పంపులో ఎయిర్ 'తీస్తారు'. వాహనం మొత్తానికి పేరు 'బండి', ఎడ్లబండి నుంచి వచ్చిందే.

ఈ మూడు పొరలు మూడు చరిత్రలను చెబుతున్నాయని నా ప్రతిపాదన. భాగం కర్మాగారం నుంచి పేరుతో సహా వచ్చింది. పనితనం హైదరాబాదు నగరపు ఉర్దూ షెడ్లలో శిష్యరికం ద్వారా వచ్చింది. లోపాన్ని గుర్తించే చూపు ఎద్దునూ మనిషినీ చూసిన అనుభవం నుంచి వచ్చింది. చెవితో ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూసి, చేతితో వేడి తాకి జబ్బు తేల్చడం నాడీపరీక్ష వంటిదే. నల్లపొగ అయితే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదని, నీలిపొగ అయితే రింగుల దగ్గర ఆయిలు మండుతోందని, వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు సిలిండరులోకి దిగుతున్నాయేమోనని అనుమానిస్తారు.

ఈ జ్ఞానానికి సమాంతరంగా బడిలో నేర్పే సాంకేతిక విద్య కూడా ఇక్కడ ఉంది. వనపర్తి రాజావారి ప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. ఒకే ఊరిలో రాజప్రాసాదంలో యంత్రశాస్త్రం ఇంగ్లీషులో, రోడ్డుపక్క షెడ్డులో అదే యంత్రం మూడు భాషల మిశ్రమంలో సాగాయి. రెండింటికీ మధ్య పాఠ్యపుస్తక వంతెన పడలేదు.

6. మారుతున్న కాలం

ఈ వ్యవస్థకు ఇప్పుడు రెండు వైపుల నుంచి ముగింపు దగ్గరపడుతోంది. మొదటిది యంత్రం మారడం. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. డీజిల్ సరఫరాను ఎలక్ట్రానిక్ పరికరం నియంత్రించే ఇంజనులో లోపాన్ని చెవి పట్టలేదు, స్కానరు చెప్పాలి.

రెండోది చట్టం. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం అవసరం. 2021లో వాహనాల తుక్కు విధానం వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన వాహనాల ఫిట్‌నెస్ రుసుములు పెరిగాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగించరాదన్న నియమం అమలైంది. సమితి జీపు వేలంలో రైతు చేతికి వచ్చిన దారి దీనితో మూసుకుపోయింది.

ఈ మార్పులను కేవలం నష్టంగా చూడలేం. పాత డీజిల్ పొగ పీల్చేది కూడా ఆ ఊరి జనమే. బ్రేకు సరిగా పట్టని బండిలో కిక్కిరిసి ప్రయాణించేది కూలీలే. 'ఉస్తాద్ – చోటా' శిష్యరికంలో బడిమానిన పిల్లల శ్రమ ఉంది. 1986 బాలకార్మిక చట్టం, దాని 2016 సవరణ ప్రశ్నించింది అటువంటి శ్రమనే. అయితే ఒక వృత్తి ఆగిపోవడం న్యాయమైనదే అయినా, ఆ వృత్తి నిర్మించిన జ్ఞానం నమోదు కాకుండా పోవడం న్యాయం కాదు. తుక్కు కేంద్రం ఇనుముకు వెలకడుతుంది. ఏ బేరింగు ఎక్కడ కూర్చుంటుందన్న జ్ఞానానికి అక్కడ తూకం లేదు.

7. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయంపై 1962లో, రెండోది చేనేతపై 1971లో వెలువడ్డాయి. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ దక్కిన ఆ గౌరవం కమానుకూ పంపుకూ కూడా దక్కాలి. ఇంగ్లీషు, ఉర్దూ మాటలు కలిసినందువల్ల ఈ పరిభాష తెలుగు కాకుండా పోదు. ఆ కలయికే దాని చరిత్ర. గద్వాలలో కర్నూలు, రాయచూరు ప్రభావం, నాగర్‌కర్నూల్‌లో హైదరాబాదు ప్రభావం పదాల్లో ఎలా తేడా చూపుతున్నాయో పోల్చి చూస్తే మాండలిక సరిహద్దులకు కొత్త ఆధారాలు దొరుకుతాయి.

ఇందుకు కావలసిన సామగ్రి గ్రంథాలయాల్లో లేదు. సేకర్త షెడ్డుకు వెళ్ళి, పని జరుగుతుండగా, భాగాన్ని చేతబట్టి పేరు అడగాలి. పేరుతోపాటు పని, లోపం, ప్రత్యామ్నాయం అనే నాలుగు వివరాలూ కలిపి రాసుకోవాలి. 1980ల బండ్లు విప్పిన ఉస్తాదులు ఇప్పుడు వృద్ధులు. వారు చెప్పగలిగిన కాలంలోనే వెళ్ళి అడగాలి.