ఉర్దూ నాటకం

ఉర్దూ నాటకం: 19వ శతాబ్ది మధ్యకాలంలో లక్నోలో పుట్టి, బొంబాయి పార్సీ కంపెనీల చేతుల్లో దేశమంతటా పాకిన నాటక సంప్రదాయం. అంతకు ముందు ఉర్దూలో గజల్, మస్నవీ, మర్సియా వంటి కవితా రూపాలు వర్ధిల్లాయి గాని నాటకం లేదు. దాస్తాన్లు (సుదీర్ఘ కథలు) చెప్పేవారు, వేషాలు వేసి నవ్వించే భాండ్లు ఉండేవారు. 1801లో ఫోర్ట్ విలియం కళాశాల కోసం కాజిం అలీ జవాన్ తెచ్చిన శకుంతల కథ చదువుకోవడానికి రాసిన వచనమే.

లక్నో: అవధ్ నవాబు వాజిద్ అలీ షా యువరాజుగా ఉన్నప్పుడే రాధాకృష్ణుల కథను రూపకంగా కూర్చి ఆడించాడు. వ్రజభూమి రాసలీలల ఒరవడిలో సాగిన ఈ ప్రదర్శనలను ‘రహస్’ అనేవారు. దర్బారు వెలుపల జనం మధ్య పేరు తెచ్చుకున్నది ఆగా హసన్ అమానత్ రాసిన ‘ఇందర్ సభ’ (1853). ఇంద్రుడి కొలువులో ఆడే సబ్జ్ పరీ గుల్ఫామ్ అనే రాకుమారుణ్ణి వలచి దొంగచాటుగా సభకు తెస్తుంది. ఇంద్రుడు అతణ్ణి బావిలో బంధించి, ఆమె రెక్కలు కోయించి వెళ్లగొడతాడు. ఆమె జోగిని వేషంలో వచ్చి పాటతో ఇంద్రుణ్ణి మెప్పించి ప్రియుణ్ణి విడిపించుకుంటుంది. హిందూ దేవేంద్రుడు, పారశీక పరీలు, గజళ్ల పక్కనే ఠుమ్రీలు, హోరీలు: ఈ కలగలుపే దాని అందం. నవాబే స్వయంగా ఇంద్రుడి వేషం కట్టాడన్న కథను మసూద్ హసన్ రిజ్వీ పరిశోధన తోసిపుచ్చింది. ఈ నాటకం 1932లో సినిమాగా వచ్చినప్పుడు అందులో పాటలు సుమారు 70.

పార్సీ రంగస్థలం: బొంబాయి పార్సీలు మొదట గుజరాతీలో ఆడేవారు. ఊరూరా తిరిగి డబ్బు చేసుకోవాలంటే అందరికీ తెలిసే భాష కావాలి గనుక ఉర్దూకు మళ్లారు. 1871లో విక్టోరియా నాటక మండలి, ఎదల్‌జీ ఖోరీ గుజరాతీ నాటకానికి ఉర్దూ అనువాదమైన ‘సోనే కే మోల్ కీ ఖుర్షీద్’ను ఆడింది. మరుసటి ఏడు నిజాం దివాను సాలార్ జంగ్ పిలుపుపై ఆ మండలి హైదరాబాదు వచ్చింది. తెలుగు రంగస్థలానికి రంగుల తెరలు, ‘పార్సీ మెట్లు’ ఈ కంపెనీల నుంచే వచ్చాయి. 1880లలో బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి 32 హిందుస్తానీ నాటకాలు తెలుగు లిపిలో రాయడం విశేషం.

కంపెనీలు జీతానికి పెట్టుకున్న రచయితలను మున్షీలనేవారు. రౌనక్ బనారసీ, తాలిబ్ బనారసీ, అహ్సన్ లఖ్నవీ, నారాయణ ప్రసాద్ బేతాబ్ వారిలో ముఖ్యులు. నాటకం కంపెనీ సొత్తు. పోటీదారులు ఎత్తుకుపోతారని అచ్చుకు ఇచ్చేవారు కాదు. అంత్యప్రాసల సంభాషణ, మధ్యలో షేర్లు (ద్విపదలు), సందు దొరికితే పాట. పండితులు దీన్ని చిన్నచూపు చూశారు. జనం మాత్రం వన్స్‌మోర్ కొట్టారు.

మున్షీలందరిలో మేటి ఆగా హష్ర్ కాశ్మీరీ (1879-1935). బనారస్‌లో పుట్టిన ఈయన ‘కింగ్ లియర్’ను ‘సఫేద్ ఖూన్’గా, ‘కింగ్ జాన్’ను ‘సైద్-ఎ-హవస్’గా మలిచాడు. రోమ్ నగరం నేపథ్యంగా రాసిన ‘యహూదీ కీ లడ్కీ’ 1933లో గాయక నటుడు సైగల్‌తో, 1958లో దర్శకుడు బిమల్ రాయ్ చేతుల్లో సినిమా అయింది. 1931లో ‘ఆలం ఆరా’తో టాకీ రాగానే నటులు, మున్షీలు అటు తరలిపోయారు. ఆ ‘ఆలం ఆరా’ కూడా జోసెఫ్ డేవిడ్ రాసిన పార్సీ నాటకమే.

తరువాతి కాలం: ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన ‘అనార్కలీ’ ఉర్దూలో గొప్ప సాహిత్య నాటకంగా పేరొందినా, అది రంగస్థలం మీదకన్నా పుస్తకంగానే ఎక్కువ బతికింది. ప్రజానాట్యమండలి (ఇప్టా, 1943), రేడియో నాటకం కథకుడు మంటో తరానికి తావిచ్చాయి. హబీబ్ తన్వీర్ 1954లో నజీర్ అక్బరాబాదీ కవితల చుట్టూ ‘ఆగ్రా బాజార్’ అల్లాడు. కరాచీలో పేరు తెచ్చుకున్న ఖ్వాజా మొయినుద్దీన్ హైదరాబాదీయే. ‘మీర్జా గాలిబ్ బందర్ రోడ్ పర్’ ఈయనదే. హైదరాబాదులో 1965లో బబ్బన్ ఖాన్ మొదలుపెట్టిన దక్కనీ హాస్య నాటకం ‘అద్రక్ కే పంజే’, పిల్లలెక్కువైన ఒక చిరుద్యోగి అవస్థ ఇతివృత్తంగా, మూడు దశాబ్దాలకు పైగా ఆడింది.