దయ్యానికి ఆత్మ అమ్మినవాడు నిజంగా ఉన్నాడా?

దయ్యంతో డీల్, రక్తంతో సంతకం, గడువు తీరాక ఆత్మ దానికి అప్పగింత. ఫాంటసీ నవలల్లో, వెబ్ సిరీస్‌లలో ఈ కథ చాలాసార్లు చూసే ఉంటారు. యూరప్‌లో ఈ కథ అనగానే ముందు గుర్తొచ్చే పేరు ఫౌస్ట్. అతను ఉత్త కల్పిత పాత్రే అని నేనూ చాలాకాలం అనుకున్నా. కానీ 16వ శతాబ్దం మొదట్లో జర్మనీలో ఊరూరా తిరుగుతూ జాతకాలు చెప్పిన ఫౌస్ట్ అనే మనిషి నిజంగానే ఉన్నాడు.

1507లో ట్రిథీమియస్ అనే మఠాధిపతి ఒక ఉత్తరంలో అతన్ని గొప్పలు చెప్పుకునే మోసగాడని తిట్టాడు. 1520లో బాంబెర్గ్ బిషప్ మాత్రం జాతకం వేయించుకుని 10 గుల్డెన్లు ఇచ్చాడు. లెక్కల పుస్తకంలో ఆ పద్దు ఉంది. 1528లో ఇంగోల్‌స్టాట్ పట్టణం వాళ్ళు ఊరు విడిచి పొమ్మన్నారు. గమనించారా? ఈ మూడింటిలో తిట్లున్నాయి, డబ్బులున్నాయి. దయ్యంతో ఒప్పందం ఊసే లేదు!

మరి ఆ ఒప్పందం ఎక్కడ్నుంచి వచ్చింది? అతను పోయిన కొన్ని దశాబ్దాలకు, 1587లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో యోహాన్ ష్పీస్ అనే ముద్రాపకుడు ఫౌస్ట్ కథను పుస్తకంగా వేశాడు. అందులో 24 ఏళ్ళ ఒప్పందం, రక్తంతో సంతకం, చివర్లో ఘోరమైన చావు. భూమి, ఆకాశాల గుట్టంతా తెలుసుకోవాలన్న ఆశే అతని నేరం. దేవుణ్ణి దాటి తెలుసుకోబోతే ఇదే గతి అని ఆ పుస్తకం హెచ్చరిక. మంత్రగత్తెలని ముద్రవేసి మనుషుల్ని నిజంగానే తగలబెడుతున్న కాలం అది. చదివినవాళ్ళకు అది సరదా కథ కాదు.

ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ మార్లో దీన్నే నాటకం చేశాడు. అక్కడా ఫౌస్ట్‌కి నరకమే.

తర్వాత గేటే వచ్చాడు. ఆయన నాటకం మొదటి భాగం 1808లో, రెండోది ఆయన చనిపోయాక 1832లో వచ్చాయి. అందులో ఒప్పందం కాస్తా పందెం అయింది. ఫౌస్ట్ ఏదో ఒక క్షణాన్ని చూసి, ఇది చాలు, ఇలాగే ఆగిపో అంటే ఓడినట్టు. చివరికి దేవదూతలు అతని ఆత్మను దయ్యానికి దక్కనివ్వరు. ఎందుకు? జీవితమంతా ప్రయత్నం ఆపలేదు కాబట్టి. 1587లో నరకానికి పంపిన దాహమే ఇక్కడ అతన్ని కాపాడింది.

నన్ను కలవరపెట్టేది మాత్రం గ్రెచెన్. ఫౌస్ట్‌ని ప్రేమించిన ఆ అమ్మాయి తల్లిని, అన్నను, బిడ్డను పోగొట్టుకుని జైల్లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తుంది. సంతకం ఒకరిది, మూల్యం ఇంకొకరిది. ఇలాంటి కథ ఈసారి చదివినప్పుడు, ఆ డీల్‌కి అసలు ధర ఎవరు కట్టారో చూడండి.

అన్నట్టు, అసలు ఫౌస్ట్ ఎవరితోనైనా బేరం కుదుర్చుకున్నాడు అనడానికి మనకున్న గట్టి ఆధారం ఆ 10 గుల్డెన్ల పద్దే. ఆ బేరం బిషప్‌తో!